మిత్రులు చూడమన్న సినిమాకు సమీక్ష రాయడం ఎలా?

సినిమా అంటే ప్రాణం పెట్టే నలుగురు కలిస్తే ఒకరికొకరు సినిమాలు చెప్పుకోకుండా ఉండరు. “అది చూశారా? తప్పకుండా చూడండి” అన్న మాట ప్రతి సంభాషణలోనూ వినబడుతుంది. విన్నవారు ఆ పేరును ఫోనులో రాసుకుంటారు, ఆ జాబితా నెలనెలా పెరుగుతుంది, అందులో నిజంగా చూసేవి కొన్నే ఉంటాయి, చూసినవాటి గురించి కూడా “బాగుందండీ” అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. తాము ప్రేమించిన సినిమా ఎదుటివారికి ఎలా చేరిందో చెప్పినవారికి తెలియదు. తమకు కలిగిన అనుభవాన్ని మాటల్లో నిలుపుకునే అవకాశం చూసినవారికి దొరకదు. ఈ లోటు తీరాలంటే ఒకరు సూచించిన సినిమాను మరొకరు గడువులోగా చూసి, సమీక్ష రాసి, సూచించినవారికీ తక్కిన మిత్రులకూ అందించే ఏర్పాటు చేసుకోవాలి. ఆ ఏర్పాటును ఎలా నడుపుకోవాలో, అందులో ప్రధానమైన సమీక్షను ఎలా రాయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

పత్రికల్లో వచ్చే సమీక్షకూ దీనికీ ఉన్న తేడాను మొదటే గుర్తించాలి. పత్రికలో రాసేవారు తమకు తెలియని పాఠకుడు ఆ వారం టికెట్టు కొనాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు చెబుతారు. మీ సమీక్షను మొదట చదివే మిత్రుడు ఆ సినిమాను మీకంటే ముందే చూశాడు, మనసులో దాచుకున్నాడు, అది మీకు చేరుతుందని నమ్మి మీ చేతికిచ్చాడు. అందువల్ల సినిమా ఎలా ఉందో చెప్పడంతో మీ పని పూర్తికాదు. ఆ మిత్రుడు అందులో ఏమి చూసి ఉంటాడో వెతకడం, అది మీకు కనిపించిందో లేదో ఉన్నదున్నట్టు చెప్పడం కూడా మీ బాధ్యతే. నా దృష్టిలో ఈ మొత్తం ఏర్పాటుకు ఆ వెతుకులాటే ప్రాణం.

మన దేశంలో ఈ అలవాటుకు గౌరవప్రదమైన పూర్వచరిత్ర ఉంది. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మరికొందరు మిత్రులతో కలిసి 1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించినప్పుడు, దొరకని మంచి సినిమాలను తెప్పించుకొని చూడాలని, చూసినవాటిపై కూర్చొని చర్చించుకోవాలని, రాసుకోవాలని కోరుకున్నారు. దేశమంతటా ఇలాంటి సంఘాలు పెరిగాక 1959లో వాటి సమాఖ్య ఏర్పడింది, దానికి రాయ్ అధ్యక్షులయ్యారు. ఆ రోజుల్లో ఒక ఫిల్ము ప్రింటు ఊరికి చేరడమే గగనం. ఇప్పుడు సినిమా చేతిలో ఉంది. దాని గురించి నిలకడగా ఆలోచించి చెప్పే మిత్రబృందం దొరకడమే కష్టమైంది.

జట్టు కట్టుకోవడం

అయిదుగురు నుంచి ఎనిమిదిమంది దాకా ఉంటే చాలు. అంతకన్నా ఎక్కువైతే ఒకరి సమీక్షను ఒకరు చదవడం మానేస్తారు, తక్కువైతే అవే ఇష్టాలు మళ్లీ మళ్లీ తిరుగుతాయి. అందరి అభిరుచీ ఒకటే అయిన జట్టు త్వరగా చప్పబడుతుంది కనుక పాత సినిమాల మీద మమకారం ఉన్న పెద్దవారొకరు, మలయాళ తమిళ సినిమాలను వరుసగా చూసే యువకుడొకరు, విదేశీ సినిమా తెలిసినవారొకరు, కొత్త తెలుగు సినిమాను మొదటి రోజే చూసేవారొకరు ఉండేలా చూసుకోండి. అందరూ కలిసి కూర్చొని చూడవలసిన అవసరం లేదు కాబట్టి ఒకరు విశాఖపట్నంలో, ఒకరు వరంగల్లులో, ఒకరు డాలస్‌లో ఉన్నా ఇబ్బంది రాదు.

ఎవరికి ఎవరు సినిమా ఇవ్వాలన్నది చీటీలు వేసి తేల్చుకోండి. ఇందులో ఒక నియమాన్ని గట్టిగా పాటించమని కోరుతున్నాను: ఇద్దరు ఒకరికొకరు ఇచ్చుకోకూడదు. మీరు నాకిచ్చిన సినిమాను నేను విమర్శిస్తే నేనిచ్చినదాన్ని మీరు విమర్శిస్తారేమో అన్న జంకు ఇద్దరిలోనూ ఉంటుంది, ఆ జంకు వల్ల రెండు సమీక్షలూ మొహమాటంగా తయారవుతాయి. మొదటివారు రెండోవారికి, రెండోవారు మూడోవారికి, చివరివారు తిరిగి మొదటివారికి ఇచ్చేలా వలయంగా కూర్చుకుంటే ఈ చిక్కు ఉండదు. చూడడానికి రెండు వారాలు, రాయడానికి ఒక వారం, జవాబుకు మరో వారం పెట్టుకుంటే ఒక ఆవృత్తి నెల రోజుల్లో హాయిగా పూర్తవుతుంది.

ఎదుటివారికి సినిమా ఎంచడం

మంచి సమీక్ష రావాలంటే ముందు మంచి ఎంపిక జరగాలి. మీకు అన్నిటికన్నా ఇష్టమైన సినిమాను తొలిసారే ఇవ్వకండి. దానిని ఎవరు తక్కువ చేసి మాట్లాడినా మీరు భరించలేరు, ఆ సంగతి ఎదుటివారికి తెలుస్తుంది, తెలిసిన మరుక్షణం వారి కలం స్వేచ్ఛ పోతుంది. మీరు గౌరవించే సినిమా, దానిపై వేరే అభిప్రాయం వినడానికి మీరు సిద్ధంగా ఉన్న సినిమా ఇవ్వండి. ఎదుటివారి అలవాటుకు మరీ దగ్గరగా ఉన్నది ఇస్తే కొత్తగా చెప్పడానికి ఏమీ ఉండదు, మరీ దూరంగా ఉన్నది ఇస్తే తలుపే తెరుచుకోదు. వారికి ఇప్పటికే ఇష్టమైన ఒక గుణం అందులో ఉండి, తక్కినదంతా కొత్తదైతే ఎంపిక కుదిరినట్టే.

ఉదాహరణకు బెంగాలీ సినిమాల పేర్లు విన్నారే గాని చూడడానికి జంకే తెలుగు మిత్రుడికి మృణాల్ సేన్ తీసిన ‘ఒక ఊరి కథ’ ఇవ్వవచ్చు. ప్రేమ్‌చంద్ రాసిన ‘కఫన్’ కథను ఆయన 1977లో తెలుగు పల్లెకు తెచ్చి తెలుగులోనే తీశారు. భాష మనదే కనుక చూసేవారికి ఆసరా ఉంటుంది; ఎంత కష్టపడినా ఫలం భూస్వామికే పోతుందని నమ్మి పనిచేయడానికే నిరాకరించే తండ్రీకొడుకుల కథ కనుక అలవాటైన కథానాయకుడి కోసం వెతికే చూపుకు పరీక్ష కూడా ఉంటుంది. అమెరికాలో పుట్టి తెలుగు అర్థం చేసుకోగల మేనకోడలికో మేనల్లుడికో ‘మాయాబజార్’ ఇచ్చే పక్షంలో, అది ఎంత గొప్పదో చెప్పి భయపెట్టకుండా, పాండవుల కొడుకు పెళ్లి చుట్టూ తిరిగే కథలో పాండవులు ఒక్కసారి కూడా తెరపైకి రారన్న విషయం చెప్పి ఇవ్వండి. వారు ఆసక్తిగా కూర్చుంటారు.

ఇచ్చే ముందు ఎదుటివారిని తప్పనిసరిగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: “ఈ సినిమాను ఏ రూపంలోనైనా చూశారా?” మన దగ్గర రీమేకులూ డబ్బింగులూ విస్తారంగా ఉండడం వల్ల ఇది ముఖ్యమవుతుంది. ‘దృశ్యం’ చూశానని చెప్పే తెలుగు ప్రేక్షకుడు 2013లో వచ్చిన మలయాళ చిత్రం చూసి ఉండవచ్చు, 2014లో శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేశ్ నటించిన తెలుగు చిత్రం చూసి ఉండవచ్చు. కథ తెలిసిపోయినా మూలాన్ని చూడడం వృథా కాదు, రెండింటినీ పోల్చి రాయడం కూడా మంచి అభ్యాసమే, అయితే ఆ సంగతి ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి. సినిమా చట్టబద్ధంగా ఎక్కడ దొరుకుతుందో, ఎదుటివారు ఉన్న దేశంలో ఆ ఓటీటీలో వస్తుందో లేదో, సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో ఇచ్చేవారే చూసి చెప్పాలి. ఆ వెతుకులాటను చూసేవారి మీద వేస్తే సగంమంది అక్కడే ఆగిపోతారు.

రెండు చీటీలు రాసి పెట్టడం

సినిమా పేరు చెప్పి ఊరుకోకుండా రెండు చిన్న చీటీలు రాయండి. మొదటిది వెంటనే ఇచ్చేది. అందులో సినిమా పేరు, సంవత్సరం, భాష, దర్శకుడు, నిడివి, ఏ ప్రతి చూడాలన్నది ఉండాలి. ఏ ప్రతి అన్న సంగతి వదిలేయకూడదు: 1957 నాటి ‘మాయాబజార్’ నలుపు తెలుపుల్లో ఉంది, 2010లో రంగులద్దిన ప్రతి విడుదలైంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ వెలుగునీడలతో తెరపై పండించిన వెన్నెలను మిత్రుడు చూడాలని మీ కోరిక అయితే, నలుపు తెలుపుల ప్రతినే చూడమని స్పష్టంగా రాయాలి. సినిమాలో తీవ్రమైన హింస, పసిబిడ్డల మరణం, అత్యాచారం వంటివి ఉంటే ఆ హెచ్చరిక కూడా ఈ చీటీలోనే చేయండి. ఇటీవలే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న మిత్రుడికి తెలియక అలాంటి సినిమా ఇవ్వడం క్రూరత్వం అవుతుంది.

రెండో చీటీ మూసి ఉంచేది. ఈ సినిమాను ఈ మనిషికే ఎందుకు ఇస్తున్నారో అందులో అయిదారు వాక్యాల్లో రాసి, జట్టులో ఇంకొకరి దగ్గర దాచండి. సమీక్ష తొలి ప్రతి పూర్తయ్యేవరకు చూసేవారు దానిని చదవకూడదు. ముందే చదివితే వారి కళ్లు మీరు చెప్పినదాన్ని మాత్రమే వెతుకుతాయి, అది దొరికితే తృప్తిపడతాయి, దొరకకపోతే నిందిస్తాయి. రాశాక చదివితే తాము చూసినదానికీ మీరు చూసినదానికీ మధ్య ఉన్న దూరం తెలుస్తుంది. ఈ పద్ధతిలో ఇంత విలువైన క్షణం మరొకటి లేదని నా నమ్మకం, కాబట్టి ఎంత తొందరలో ఉన్నా రెండో చీటీని మానకండి.

చూడడం

సమీక్ష కోసం చూసే సినిమాను ఒకే బిగిన చూడాలి. మూడు గంటల పాత తెలుగు సినిమా అయితే దర్శకుడు విరామం ఎక్కడ ఇచ్చారో అక్కడే ఆపండి, ఎందుకంటే మన సినిమాల్లో విరామం కథలో ఒక మలుపుగా ఉంటుంది, ఆ ఆగడాన్ని లెక్కలో పెట్టుకునే సన్నివేశాలను కూర్చి ఉంటారు. ఫోను పక్క గదిలో ఉంచండి. వేగం పెంచి చూడడం, పాటలను దాటవేయడం పూర్తిగా నిషిద్ధం: పాట కథను ముందుకు నడిపిందా నిలిపివేసిందా అన్నది చూడకుండా మన సినిమాకు సమీక్ష రాయడం సాధ్యం కాదు. ఇతరుల సమీక్షలు, మార్కులు, బాక్సాఫీసు లెక్కలు ముందుగా చదవకండి. చూస్తున్నప్పుడు పేజీలకు పేజీలు రాసుకోనక్కరలేదు. మళ్లీ చూడాలనిపించిన చోటు ఏ నిమిషంలో ఉందో ఒక కాగితం మీద వేసుకుంటే సరిపోతుంది.

సబ్‌టైటిల్స్‌తో చూసినట్లయితే ఆ సంగతి సమీక్షలో చెప్పాలి. ‘మాయాబజార్’కు పింగళి నాగేంద్రరావు రాసిన మాటలను ఆంగ్ల సబ్‌టైటిల్స్‌లో చదివిన మనిషికి సగం హాస్యమే అందుతుంది. అదే విధంగా మనం జపనీస్, బెంగాలీ సంభాషణలను చదువుతున్నప్పుడు ఎంతో కొంత కోల్పోతాం. అందువల్ల పరభాషా చిత్రంలో సంభాషణలు పేలవంగా ఉన్నాయని తీర్పు చెప్పేటప్పుడు జాగ్రత్త అవసరం. నటుల గొంతు, మౌనం, చూపు గురించి నమ్మకంగా చెప్పవచ్చు.

చూసిన వెంటనే రాయకండి, ఒక రాత్రి ఆగండి. మరునాడు ఉదయం సినిమా తిరిగి చూడకుండా, గుర్తున్న సన్నివేశాలను వరుసగా కాగితం మీద పెట్టండి. మీ సమీక్షకు ముడిసరుకు అదే. కథకు కీలకమైన సన్నివేశం గుర్తుకు రాకుండా పనీపాటా లేని చిన్న దృశ్యం ఏదో గుర్తుకొచ్చిందంటే, దానికి కారణం వెతకండి, సమీక్షకు దారి తరచుగా అక్కడే దొరుకుతుంది.

రాయడం

కథను నాలుగు వాక్యాలకు మించి చెప్పకండి. సూచించినవారికి కథ తెలుసు, తక్కినవారు రేపు చూడబోతారు. కథ మొత్తం చెప్పడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఎక్కడ జరుగుతుంది, ఎవరి గురించి, వారికి ఏమి కావాలి, దానికి అడ్డమేమిటి, ఇంతవరకు చెప్పి ఆపండి.

తరువాత ఒకే ఒక సన్నివేశాన్ని తీసుకొని నింపాదిగా వర్ణించండి. తెరపై ఏమి కనిపించింది, ఏమి వినిపించింది, కెమెరా ఎక్కడ నిలబడింది, ఎంతసేపు నిలబడింది, మీకు ఏ క్షణంలో ఏమనిపించింది అన్నవి చదువరికి కళ్లకు కట్టాలి. కొత్తగా రాసేవారు చాలామంది ఈ పని తప్పించుకొని విశేషణాలను ఆశ్రయిస్తారు. “ఫొటోగ్రఫీ అద్భుతం, నేపథ్య సంగీతం ప్రాణం పోసింది, టేకింగ్ బాగుంది, సెకండాఫ్‌లో ల్యాగ్ ఉంది” అన్న వాక్యాలను ఏ సినిమాకైనా అతికించవచ్చు. మీరు రాసిన వాక్యాన్ని మరో సినిమా సమీక్షలో పెట్టినా చెల్లుతుందనుకుంటే దానిని కొట్టివేయండి. ఈ ఒక్క పరీక్షతో మీ రచన గణనీయంగా మెరుగుపడుతుంది.

రాయ్ 1955లో తీసిన ‘పథేర్ పాంచాలీ’ మీకు వచ్చిందనుకుందాం. “పేదరికాన్ని హృద్యంగా చూపించారు” అని రాస్తే అది ఎవరైనా రాయగలిగిన మాట. దానికి బదులు మిఠాయిలు అమ్మే మనిషి ఊళ్లోకి వచ్చే సన్నివేశం తీసుకోండి. అతడు కావడి భుజాన వేసుకొని నడుస్తుంటాడు, కొనడానికి డబ్బులేని అక్కాతమ్ముళ్లు దుర్గా అపూ అతడి వెనుకే వెళ్తారు, వాళ్ల వెనుక ఒక కుక్క బయలుదేరుతుంది, ఆ వరుస అంతా చెరువు నీటిలో తలకిందులుగా కదులుతుంది. ఆ నడకలో ఎవరూ ఏమీ కోరరు, ఎవరూ ఏడవరు, రవిశంకర్ సంగీతం ఉల్లాసంగా సాగుతుంది. లేమి ఉన్నచోటే పిల్లల ఉత్సాహం కూడా ఉందని ఆ కొద్ది క్షణాలు చెబుతాయి. ఇలా ఒక్క సన్నివేశం రాయగలిగితే, ఆ సినిమా పేదరికాన్ని ఎలా చూసిందన్న మీ అభిప్రాయానికి చదువరి తనంతట తానే చేరుకుంటాడు. అదే సినిమాలో తల్లి సర్వజయ గుండె పగిలి ఏడ్చే చోట ఆమె గొంతు మనకు వినబడదు, దానికి బదులు తార్ షెహనాయ్ వాద్యం మోగుతుంది. అది మీకు ఎలా తాకిందో రాయండి. అతిగా అనిపించి ఉంటే ఆ సంగతీ రాయండి.

నటన గురించి రాసేటప్పుడు “జీవించారు” అన్న మాట దగ్గర ఆగకండి. ‘మాయాబజార్’ ఉత్తరార్ధంలో సావిత్రి శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా నటించారు. అంటే ఎస్.వి. రంగారావు నడక, చూపు, దర్పం ఒక సుకుమారి దేహంలోకి దిగాలి, ఎవరైనా చూస్తున్నప్పుడు అది దాక్కోవాలి, చూడనప్పుడు బయటపడాలి. ఆ మార్పు భుజాల్లో ఎలా కనిపించింది, కళ్లలో ఎలా కనిపించింది, ఏ క్షణంలో రెండు పాత్రలూ ఒకేసారి కనిపించాయి అని రాస్తే, ఆ సినిమాను పదిసార్లు చూసిన మిత్రుడు కూడా పదకొండోసారి చూస్తాడు.

మీరు ఎవరై ఉండి ఆ సినిమా చూశారో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పడం కూడా న్యాయం. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ని తెలంగాణ పల్లెలో దొరలు నివసించిన గడీల కథలు వింటూ పెరిగినవారు చూడడం వేరు, కోస్తాలో పుట్టి ఆ వ్యవస్థ గురించి పుస్తకాల్లో మాత్రమే చదివినవారు చూడడం వేరు. మాటలు అతి తక్కువగా ఉన్న ఆ చిత్రంలో అర్చన ముఖం చెప్పేది ఒకరికి ముందే తెలిసి ఉండవచ్చు, మరొకరికి ఆ మౌనం మొదట అంతుపట్టకపోవచ్చు. ఏ చూపుతో చూశారో చెబితే మీ తీర్పు విలువ పెరుగుతుంది. అయితే సమీక్ష మీ జీవితచరిత్రగా మారకుండా అక్కడితో ఆపండి.

ముగింపును బయటపెట్టడం గురించి అందరూ ఒక ఒప్పందానికి రావాలి. మీ సమీక్షను సూచించినవారితోపాటు చూడనివారూ చదువుతారు కనుక, కథ చివరి మలుపు మీద చెప్పవలసింది ఉంటే దానిని విడిగా రాసి సూచించిన మిత్రుడికి మాత్రమే పంపండి. నలుగురు చదివే భాగంలో “చివర్లో చెరువు ఒడ్డున అపూ చేసే పని” వంటి సూచన చాలు. చూసినవారికి అర్థమవుతుంది, చూడనివారికి ఏమీ పోదు.

మార్కులు వేయకండి. అయిదుకు మూడున్నర అని రాసిన మరుక్షణం సూచించినవారు మూడున్నరనే చూస్తారు, ఆ సగం మార్కు ఎక్కడ పోయిందని ఆలోచిస్తారు, మీరు శ్రమపడి రాసిన పేజీలు వెనక్కి వెళ్లిపోతాయి.

నచ్చనప్పుడు, మరీ నచ్చినప్పుడు

మిత్రుడు ప్రేమతో ఇచ్చిన సినిమా నచ్చనప్పుడు ఏమి చేయాలన్నది చాలామందిని వేధించే ప్రశ్న. అబద్ధం చెప్పకూడదు. మీరు మర్యాదకోసం పొగిడితే ఆ మిత్రుడు మీ అభిరుచిని తప్పుగా అర్థం చేసుకొని తరువాత కూడా అలాంటివే ఇస్తాడు, మీ పొగడ్తకు జట్టులో విలువ పోతుంది. అయితే నచ్చలేదని చెప్పే ముందు, ఎందుకు నచ్చలేదో విడదీసి చూసుకోవాలి. సినిమా తాను చేయదలచుకున్న పనిలో విఫలమైందా? లేక ఆ పని చక్కగానే చేసింది గాని ఆ పని మీకు అక్కరలేదా? రెండింటికీ చాలా తేడా ఉంది. నవ్వించదలచుకొని నవ్వించలేకపోయిన సినిమాలో లోపం ఉంది. నిదానంగా, నిశ్శబ్దంగా సాగదలచుకొని అలాగే సాగిన సినిమా మీకు ఓర్పు తప్పించిందంటే, లోపం దానిదని తేల్చేముందు ఆ నిదానం ఎందుకు ఎంచుకున్నారో ఒక పేరా ఆలోచించి రాయాలి. ఆలోచించాక కూడా నచ్చకపోతే ఆ మాట నిస్సంకోచంగా చెప్పండి.

మూడో కారణం కాలం. పాత సినిమాల్లో స్త్రీల పట్ల, కులం పట్ల, శరీరలోపాలు ఉన్నవారి పట్ల ఇప్పుడు మనం ఒప్పుకోలేని మాటలు, హాస్యసన్నివేశాలు కనిపిస్తాయి. వాటిని చూసీ చూడనట్టు వదిలేయడం సరికాదు, వాటి ఒక్కదాని ఆధారంగా మొత్తం సినిమాను కొట్టిపారేయడమూ సరికాదు. ఏ సన్నివేశం మిమ్మల్ని బాధించిందో పేరుపెట్టి చెప్పండి, సినిమా ఆ ధోరణిని సమర్థిస్తున్నదో ప్రశ్నిస్తున్నదో పరిశీలించండి, ఆపై మీ తీర్పు ఇవ్వండి.

విమర్శ సినిమా మీదే ఉండాలి, ఇచ్చిన మనిషి మీదకు జరగకూడదు. “ఇది మీకెలా నచ్చిందో అర్థం కాలేదు” అన్న వాక్యం నేరుగా మనిషికి తగులుతుంది. “రెండో భాగంలో అన్నదమ్ములు విడిపోయే సన్నివేశం నన్ను ఒప్పించలేకపోయింది, అక్కడ మీకు కనిపించినదేమిటో తెలుసుకోవాలని ఉంది” అన్న వాక్యం సంభాషణకు తలుపు తెరుస్తుంది. ఇచ్చినవారు వయసులో పెద్దవారైతే మన్నన తగ్గనివ్వకండి, తీర్పును మెత్తబరచకండి. ‘గారు’ అని సంబోధిస్తూనే గట్టిగా విభేదించడం మన సాహిత్య చర్చల్లో ఎప్పటి నుంచో ఉన్న మంచి సంప్రదాయం.

తెలుగువారి జట్టులో కథానాయకుల అభిమానం గురించి కూడా చెప్పుకోక తప్పదు. అభిమానం తప్పు కాదు, మన థియేటర్లకు ఆ సందడిని ఇచ్చింది అదే. కాని మీ అభిమాన నటుడి సినిమా వచ్చినా, మీరు ఇష్టపడని నటుడి సినిమా వచ్చినా, నటుడి పేరు రాయవలసిన చోట పాత్ర పేరు రాయడం అలవాటు చేసుకోండి. పాత్ర పేరుతో రాస్తున్నప్పుడు, ఆ పాత్ర ఏమి కోరింది, ఏమి చేసింది, ఎందుకు చేసింది అన్న ప్రశ్నలు వాటంతటవే వస్తాయి, నటుడి గత విజయాలు, అపజయాలు సమీక్షలోకి చొరబడవు.

సినిమా ఎంతో నచ్చినప్పుడు రాయడం నిజానికి ఇంకా కష్టం. ఆనందం పొంగుతున్నప్పుడు విశేషణాలు తప్ప ఏమీ తోచవు. అప్పుడు కూడా ఒక సన్నివేశాన్నే పట్టుకోండి, దానితోపాటు మీకు అంతగా రుచించని ఒక చోటును కూడా వెతికి చెప్పండి. దేనినీ ప్రశ్నించకుండా రాసిన మెచ్చుకోలును సూచించినవారు కూడా పూర్తిగా నమ్మరు.

మూసిన చీటీ తెరవడం, జవాబు రాయడం

తొలి ప్రతి పూర్తయ్యాక మూసిన చీటీ తెప్పించుకొని చదవండి. మీరు రాసినదాన్ని మార్చకండి. కింద కొత్త పేరా మొదలుపెట్టి, మిత్రుడు చూసింది మీకు కనిపించిందా, కనిపించకపోతే ఆ చోట మీరు ఏమి చూస్తున్నారు, ఇప్పుడు తిరిగి చూస్తే అభిప్రాయం మారేలా ఉందా అన్నవి రాయండి. అవసరమైతే ఆ ఒక్క సన్నివేశాన్ని మళ్లీ చూడండి. ఇలా జోడించిన పేరాయే చాలాసార్లు సమీక్షలో ఉత్తమమైన భాగం అవుతుంది, ఎందుకంటే అక్కడ ఇద్దరు మనుషుల చూపులు ఒకే దృశ్యం మీద కలుస్తాయి.

సూచించినవారికి కూడా ఒక పని మిగిలి ఉంది. సమీక్షలోని ప్రతి విమర్శకూ సంజాయిషీ ఇవ్వకుండా, ఒకే ఒక విషయం ఎంచుకొని జవాబు రాయాలి. సమీక్షకుడు చెప్పినది నిజమనిపిస్తే ఒప్పుకోవాలి, తాను ఇన్నేళ్లుగా గమనించని అంశం చూపించినందుకు కృతజ్ఞత చెప్పాలి, విభేదించేటట్లయితే తాను కూడా ఒక సన్నివేశాన్నే ఆధారంగా చూపాలి. వాదన ఒక జవాబుతో ఆగాలన్నది నియమంగా పెట్టుకోండి; ఆ తరువాత మాట్లాడుకోవాలనిపిస్తే ఫోనులో తీరికగా మాట్లాడుకోవచ్చు.

చీటీలు, సమీక్షలు, జవాబులు అన్నీ ఒకేచోట తేదీలతో దాచండి. వాట్సాప్ గ్రూపులో పెట్టినవి వారం తిరిగేసరికి శుభోదయాల కింద కూరుకుపోతాయి కనుక, అందరికీ అందుబాటులో ఉండే ఒక ఫైలులోనో, చేతిరాత ఇష్టపడేవారుంటే ఒక నోటుపుస్తకంలోనో సినిమా పేరు, చూసిన ప్రతి, ఇచ్చినవారు, రాసినవారు అన్న వివరాలతో నమోదు చేయండి. తరువాతి ఆవృత్తికి చీటీలు తీసేముందు ఆ నమోదు చూసుకొని, ఇంతకుముందు ఎవరికి ఇచ్చారో ఈసారి వారికే ఇవ్వకుండా, వరుసగా రెండుసార్లు ఒకే భాష సినిమా ఒకరికే వెళ్లకుండా జాగ్రత్తపడండి. సమయానికి రాయలేకపోయినవారిని నిలదీయకుండా వలయంలో ఒక ఆవృత్తి విశ్రాంతి ఇచ్చి, వారికిచ్చిన సినిమాను అలాగే ఉంచి, తీరిక దొరికినప్పుడు రాయనివ్వండి.